జేబుల్లేని చోట బేరం

"ఇవాళైనా ధర చెప్పు బాబాయ్," అన్నాడు రైమో, ఒంటిమీద నూలుపోగు లేకుండా.

పక్కనే అదే అవతారంలో ఉన్న కౌకో, పొయ్యి మీది రాళ్లపై గరిటెడు నీళ్లు పోశాడు. సుయ్యిమని లేచిన ఆవిరి ఇద్దరి చెవులనూ చురుక్కుమనిపించింది. అదే జవాబు. సౌనాలో, అంటే ఈ ఆవిరి స్నానాల గదిలో, బేరమాడటం చర్చిలో చుట్ట కాల్చడం లాంటిదని ముసలాయన మొదటి శనివారమే తేల్చి చెప్పాడు.

ఇది పదకొండో శనివారం.

రైమోకు కావలసింది సరస్సు పక్కన కౌకోకున్న ఒడ్డు. మంచు కరిగితే వేసవి జనం దిగుతారు. వాళ్లకు అద్దెకివ్వడానికి పన్నెండు పడవలు అప్పుడే పురమాయించేశాడు. పడవలు మే నెలలో వస్తాయి. కట్టేయడానికి ఒడ్డు లేదు. ఆ సంగతి భార్యకు ఇంకా చెప్పలేదు.

పోయిన శరత్కాలంలో ముసలాయన గుండె ఒకసారి మొరాయించింది. అలాంటివాడు ఒడ్డు పెట్టుకుని ఏం చేస్తాడన్నది రైమో లెక్క. పైగా బట్టలు విప్పిన మనిషికి బింకం ఉండదు, ఉడికిన మనిషి మెత్తబడతాడు. ఆ లెక్కలో ఒకటే చిక్కు. ఇప్పటిదాకా మెత్తబడింది రైమో నడుమే. పదేళ్ల నొప్పి పోయింది, రాత్రిళ్లు హాయిగా నిద్ర పడుతోంది, మొహం కాస్త తేటపడిందని భార్య కూడా ఒప్పుకుంది.

కౌకో మాత్రం గట్టి సరుకు. రెండోవారం రైమో బీరు తెస్తే ముట్టలేదు, నీళ్లే తాగాడు. తాగితే నోరు జారి ధర చెప్పేస్తానని భయం కాబోలు అనుకున్నాడు రైమో. గోడమీది ఇసుక గడియారంలో పదిహేను నిమిషాల ఇసుక జారగానే ముసలాయన మెల్లగా లేచి బయటికి నడిచేవాడు. రైమో సరస్సు మీది మంచులో తవ్విన గుంటలో మునిగొస్తానని పరిగెత్తితే, తానూ బయటికొచ్చి మెట్టు మీద కాపలా కూర్చునేవాడు. కొనేవాడు చేజారిపోతాడేమోనని బెంగ.

పోయినవారం రైమో గంట ఆలస్యంగా వచ్చాడు. సౌనా సలసలా కాగుతోంది. ముసలాయన దుప్పటి కప్పుకుని మెట్టు మీద వణుకుతున్నాడు.

"లోపలికి వెళ్లకపోయావా బాబాయ్?"

"నువ్వు రాకుండానా?"

రైమో లోలోపల ఎగిరి గంతేశాడు. ఇంత ఆత్రం ఉన్నవాడు తక్కువకే దిగుతాడు. భయమల్లా యోర్మాతోనే. చేపల వ్యాపారి యోర్మాకు కూడా ఆ ఒడ్డు మీద కన్నుంది. ప్రతి బుధవారం వాడి కారు ఇక్కడే ఉంటోంది.

ఇవాళా ఇసుక అయిపోయింది. ఇద్దరూ తువ్వాళ్లు చుట్టుకుని మెట్టు మీదికొచ్చారు. ఒళ్లంతా పొగలు కక్కుతుండగా రైమో ఇక ఆగలేక తానే ధర చెప్పేశాడు. ఇవ్వాలనుకున్నదానికి రెట్టింపు.

కౌకో నీళ్లు గుటక వేశాడు.

"మంచి ధరే."

"అయితే ఖాయం చేసుకుందామా?"

"ఆలోచించాలోయ్. వచ్చే శనివారం రా."

రైమోకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడే కౌకో కూతురు హిల్కా కారు దిగింది. పట్నం ఆసుపత్రిలో నర్సు, తండ్రికి మాత్రలు తెచ్చింది. చలిలో తువ్వాలుతో కూర్చున్నాడని తండ్రికి రెండు చీవాట్లు పెట్టి, కోటు కోసం బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లింది. రైమో తువ్వాలు బిగించుకుని వెనకే నడిచాడు.

గోడకు హిల్కా దస్తూరీతో ఒక కాగితం, దానిమీద వేలాడుతూ ముసలాయన కోటు. పైకి కనిపించే మూడు వరుసలూ రైమోకు వచ్చినరోజు నుంచీ కంఠతా వచ్చు: పదిహేను నిమిషాలే. మద్యం వద్దు. నీళ్లు బాగా తాగాలి.

"అమ్మాయ్, నువ్వైనా నాన్నకు చెప్పు. ఆ ఒడ్డు నాకే ఇమ్మను."

"ఏ ఒడ్డు?"

"ఇదే. ఇంకే ఒడ్డుంది?"

హిల్కా నవ్వు ఆపుకుంది. "మూడేళ్ల కిందటే నా పేర రాసేశారు రైమో గారూ. నేను అమ్మేది లేదు. నాన్నకూ తెలుసు."

రైమో జారబోయిన తువ్వాలు పట్టుకున్నాడు. "మరి శనివారం నన్నూ, బుధవారం యోర్మానీ ఎందుకు పిలుస్తున్నట్టు?"

హిల్కా మేకు మీంచి కోటు తీసుకుంది. ఇన్నాళ్లూ దాని చాటున ఉన్న నాలుగో వరుస బయటపడింది.

ఎప్పుడూ ఒంటరిగా వెళ్లకూడదు.