ఆరని కొర్రలు

మబ్బు పడితే మురిసిపోయే పూరేడు పిట్టకు ఆ ఏడు మబ్బంటేనే గుండె దడ. చేలో ఏరిన కొర్రలన్నీ పందికొక్కు మామ గుమ్మం ముందు రాశి పోసింది. గింజలిస్తే, వానల్లో పిల్లలు తలదాచుకోవడానికి మామ పొడి కలుగు ఇస్తాడు.

మామ ఒక గింజ కొరికాడు. "ఇంకా పచ్చిగా ఉందే కోడలు పిల్లా! ఆరబెట్టు, రేపు చూద్దాం."

రేపూ అదే మాట, ఎల్లుండీ అదే మాట.

"ఇంకెంత ఆరాలి మామా? కొరికితే నా ముక్కు విరిగేలా ఉంది!"

"నీ ముక్కుతో నాకేం పని? గింజ తీసుకునేది నా పళ్లు ఒప్పుకుంటేనే."

నాలుగోనాడు పట్టిన వాన రెండ్రోజులు వదల్లేదు. రాశంతా మొలకెత్తింది.

"మొలకలొచ్చిన గింజకు కలుగెవడిస్తాడు? మోసుకెళ్లలేవు గానీ, ఊరికే వదిలేసి పో," అన్నాడు మామ.

పిట్ట వదిలేసి వచ్చింది. మోదుగాకు కింద మూడు పిల్లల్లో రెండే వణుకుతున్నాయి. మూడోది వణకడం మానేసింది.

తెరిపివ్వగానే ఇంకో పూరేడు పిట్ట మామ గుమ్మానికి కొర్రలు తెచ్చింది. మామ లేత మొలకలు నములుతూనే గింజ కొరికి, "పచ్చిగా ఉందే," అన్నాడు.

"మళ్లీ వానొచ్చేలోగా ఎత్తుకుపో చెల్లీ," అంది అటుగా వచ్చిన తల్లిపిట్ట.

"ఎక్కడికక్కా? పొడి కలుగులన్నీ మామవేగా," అంటూ ఆ పిట్ట గింజలు ఆరబోసుకుంది.