ఎర్ర బోర్డు

“పచ్చ బోర్డు వద్దు, ఎర్రదే కొందామండీ, విదేశీ సరుకు,” అన్నాడు హెచ్‌ఓడీ త్రినాథరావు. కాలేజీ రోబో మోటార్లను నడిపే చిన్న బోర్డు కోసం కమిటీ కూర్చోవడం అది నాలుగోసారి.

చాయ్ తెచ్చిన అటెండర్ అరుణమ్మ ఆగింది. ఇస్నాపూర్ ఫ్యాక్టరీలో పదేళ్లు మోటార్లకు తీగ చుట్టిన మనిషి.

“సార్, చక్రం ఇరుక్కుంటే మోటారు ఎంత కరెంటు గుంజుతది?”

కమిటీ సభ్యులు కేటలాగులు తిరగేశారు. ఆమె బల్ల మీది రోబో మోటారుకు మీటరు తగిలించి, తిరిగే చక్రాన్ని చేత్తో గట్టిగా పట్టి ఆపింది. ముల్లు రెండు ఆంపియర్లు చూపింది. ఎర్ర బోర్డు మోసేది ఒక్కటే.

“గిది కాలిపోతది సార్. మూడు మోసే పచ్చది తీస్కోండ్రి.”

త్రినాథరావు మినిట్స్ పుస్తకంలో రాశాడు: ‘కమిటీ లోతుగా పరిశోధించి పచ్చ బోర్డును ఎంపిక చేసింది.’

లెక్చరర్ నాగేశ్వరి సంతకం చేయకుండా పుస్తకాన్ని అరుణమ్మ ముందుకు జరిపింది.

“ఆవిడ కమిటీలో లేదు కదండీ!” అన్నాడు త్రినాథరావు.

“పరిశోధించింది ఆవిడే కదండీ!”