తాడు లోపలి కంకులు

“చెప్పరా! కంకులన్నీ ఏం చేశావ్?”

వ్యవసాయ విస్తరణాధికారి చెంచురామయ్య జబ్బ పట్టుకుని కుదిపేస్తుంటే గోపాలుకి పళ్లు టకటకలాడాయి. ఎదురుగా జీపుకి ఆనుకుని నిలబడ్డాడు పెద్దసారు వెంకటరామారావు. పొద్దున్నే ఖమ్మంలో బయలుదేరి వచ్చాడు. ఆయన పక్కన లాఠీతో కానిస్టేబులు.

మణుగూరు దాటాక అడవిలో ఇరవై గడపల గూడెం అది. రోడ్డు వారన గోపాలు మొక్కజొన్న చేను. అందులో నాలుగు మేకులు పాతి, చుట్టూ తాడు కట్టిన చిన్న చదరం. దానికో రేకు బోర్డు: ‘మేలు వంగడం. ఆదర్శ క్షేత్రం.’

గూడెం మొత్తానికి వచ్చింది ఒకే ఒక్క బస్తా ఎరువు. అది మొత్తం ఆ తాడు లోపలే పడింది. పురుగుమందూ అక్కడే కొట్టారు. ఫోటోలూ అక్కడే తీశారు. తాడు లోపల కంకి మోచేతంత. తాడు బయట కంకి బొటనవేలంత. గిరిజనులకి ఆధునిక వ్యవసాయం నేర్పుతున్నామని రిపోర్టు మాత్రం ఏటా మూరెడు పొడుగు.

ఇప్పుడా తాడు లోపల ఒక్క కంకి లేదు. మొక్కలు బోడిగా నిలబడి ఉన్నాయి.

మూడేళ్లుగా పెద్దసారు ఈ చేను మొహం చూడలేదు. రిపోర్టు చదవడం, సంతకం పెట్టడం, అంతే. ఈ బుధవారం ఏం బుద్ధి పుట్టిందో, చెప్పాపెట్టకుండా దిగిపోయాడు.

“తాడు బయటియి చూడరాదు సారూ?” గుంపులోంచి గంగయ్య అన్నాడు.

“అవి కంకులా, చుట్టలా?” పెద్దసారు విసుక్కున్నాడు. “కావలి ఎవడు?”

“వీడే సార్!” చెంచురామయ్య గోపాలుని ముందుకి తోశాడు.

“శనారం దాక మంచె మీదనే ఉన్న సారూ. ఇగ కావలి అక్కరలే, ఇంటికి పొమ్మని గీ సారే చెప్పిండు.”

“అబద్ధం! వీళ్ల సంగతి మీకు తెలీదు సార్. పచ్చి కంకి కనిపిస్తే ఆగరు.”

కానిస్టేబులు గోపాలు చేతులు వెనక్కి విరిచాడు. గోపాలు చూపు జీపు మీద పడింది. పోయినేడు మోపెడు వెదురు కొట్టాడని జీపెక్కించిన దస్రు, రెండు నెలల తర్వాత కుంటుకుంటూ గూడెం చేరాడు.

గోపాలు తల్లి జంపక్క జీపుకి అడ్డంగా నిలబడింది.

“కొత్తల పండుగ ఇంక చెయ్యలే సారూ. వేల్పుకు పెట్టకుండ కొత్త పంట మా గూడెంల చంటిది గూడ నోట్ల పెట్టదు. పెడితే పులి ఎత్కపోతదని మా భయం. గా భయం లేనోడెవడో తిన్నడు. ఆన్ని పట్టుకపో!”

“అవ్, నిజమే!” గుంపంతా అరిచింది.

పెద్దసారు గడ్డం నిమురుకున్నాడు.

“ముసలిదాని మాటలో లాజిక్కు ఉందయ్యా చెంచురామయ్యా. అంటే దొంగ బయటివాడు. కావలి తీసేసిందేమో నువ్వు. నాకు పేరు కావాలి. లేదంటే సాయంత్రానికి నీ సస్పెన్షన్ ఆర్డరు టైపవుతుంది.”

చెంచురామయ్య చుట్టూ చూశాడు. పెద్దసారు చెవి దగ్గరికి వంగి ఏదో గొణిగాడు.

“గొణగొద్దు!” పెద్దసారు గర్జించాడు. “దొంగ పేరు గూడెమంతా వినాలి. ఎంతటివాడైనా వదిలేది లేదు. కానిస్టేబుల్, బేడీలు తియ్యి!”

కానిస్టేబులు గోపాలుని వదిలి బేడీలు తీశాడు.

చెంచురామయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“మా దొడ్లో కాసినవని చెప్పి ఆదివారం మీ ఇంట్లో దింపిన మూట ఇక్కడిదే సార్... తిన్నది మీరే!”