హైమావతి గారి హీరో

పాత ప్రేమ నవలల్ని కాలానికి తగ్గట్టు మార్చి చెప్పే కథలపెట్టెలు ఇంటింటా వెలసిన రోజులవి. ఒకప్పుడు ఆడపిల్లల చేత కన్నీళ్లు పెట్టించిన నవలా రచయిత్రి హైమావతి, తన నవలే పెట్టె చేత చెప్పించుకుంటూ మురిసిపోతూ కూర్చుంది. హీరో చెయ్యి పట్టుకోగానే హీరోయిన్ విదిలించుకుని బస్సెక్కేసింది. కథ అయిపోయింది.

"అదేంటే, వాళ్లకింకా పెళ్లి కావాలి!" అని అరిచింది హైమావతి.

"అతన్ని ప్రేమించడానికి ఒక్క కారణం చెప్పండమ్మా, కొనసాగిస్తాను," అంది పెట్టె.

ఎంత ఆలోచించినా పొగరు, నీలికళ్లు, కారు తప్ప ఆవిడకేమీ తట్టలేదు. ఇన్నాళ్లూ తను రాసిందేమిటో తలచుకుంటే తనకే నవ్వొచ్చింది.

ఇంతలో వంటింట్లోంచి భర్త శేషాచలం కేకేశాడు. "హైమా, కాకరకాయలు వేయించనా, పులుసు పెట్టనా?"

"మా హీరోకి వంటొచ్చని చెప్పవే," అంది హైమావతి పెట్టెతో.

పెట్టెలో బస్సు ఆగిన చప్పుడైంది. "ఏం కూర వండుతావ్?" అని హీరోయిన్ గొంతు వినిపించింది.