దేనికి జీతం?

"మీరెక్కడికండీ లోపలికి?"

అమలాపురం ఆదాయపన్ను ఆఫీసు గుమ్మంలో లాయరు లక్ష్మీప్రసన్న చెయ్యి అడ్డం పెట్టింది.

తన క్లయింటు కరుణ వెనకాలే వస్తున్న పెద్దావిడ ఠక్కున ఆగిపోయింది. వెలిసిన నేతచీర, భుజానికో గుడ్డసంచి.

"ఈ పిల్లకి తోడుగా వచ్చేనమ్మా."

"తోడు నేనున్నాను కదండీ. ఇవి పదిమందీ వినే కబుర్లు కావు. బయట కూర్చోండి."

మాట కాస్త కరుగ్గానే వచ్చింది. తోడొచ్చినవాళ్లే ఊళ్లోకెళ్లి చాటింపు వెయ్యడం ప్రసన్న చాలా కేసుల్లో చూసింది.

"ఆయ్, అలాగేనమ్మా" అని ఆవిడ వరండాలో బల్లమీద ఒదిగి కూర్చుంది.

కరుణ పనిచేసిన కంపెనీలో మేనేజరు ఆమె మీద అఘాయిత్యం చేశాడు. ఆ పిల్ల కోర్టుకెక్కింది. వాడికి శిక్ష పడింది, కంపెనీ చేత కోర్టు నష్టపరిహారం ఇప్పించింది. ఆ డబ్బు బ్యాంకులో పడిన కొన్నాళ్లకే నోటీసు వచ్చింది. ఇచ్చింది యజమాని కాబట్టి అది జీతంతో సమానమట, పన్ను కట్టాలట.

అధికారి దుర్గారావు కాగితాలు తిరగేశారు.

"చట్టంలో మాట అలాగే ఉందమ్మా. యజమాని ఇచ్చే పరిహారం జీతం కిందే చూస్తాం."

జీతం అన్న మాట వినగానే కరుణ తల వాలిపోయింది.

"పోనీ కట్టేద్దాం మేడం" అంది, వినీ వినపడనట్టు.

ప్రసన్న పాత హైకోర్టు తీర్పొకటి తీసి ఆయన ముందు పెట్టింది.

మొదటి పేజీ చూడగానే దుర్గారావు కళ్లద్దాలు తీసేశారు.

"ఈవిడ కేసా!"

"మీకు తెలుసాండి?"

"తెలియకేమండీ! ట్రైనింగులో మా మేష్టారు చెప్పేరు. రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషంట, ఈ అమ్మాయికి జరిగిందే ఆవిడకీ జరిగిందంట. ఆవిడకి పడ్డ పన్ను లాయరు ఫీజులో పావు వంతు కూడా ఉండదు. కట్టేసి ఊరుకోమని అందరూ చెప్పేరంట. వింటేనా! ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. ఆఖరికి జడ్జిగారి ముందు నిలబడి, 'దేనికయ్యా నాకీ జీతం? నేనేం పని చేసేను?' అని అడిగిందంట."



కరుణ మెల్లగా తలెత్తింది. ఇన్నాళ్లూ తన గొంతుకి అడ్డం పడ్డ మాటని ఒక ఆడమనిషి ఎప్పుడో అంత పెద్ద కోర్టులో నిలబడి అడిగేసింది.

"అది జీతం కాదని జడ్జిగారు తేల్చేసేరు" అన్నారు దుర్గారావు. "ఈ తీర్పుండగా నేను వేరేగా రాయలేను. మీరు పైసా కట్టక్కర్లేదమ్మా. ధైర్యంగా ఇంటికెళ్లండి."

బయటికొస్తూ ప్రసన్న ఆ తీర్పు కాగితాల్ని భద్రంగా ఫైల్లో పెట్టుకుంది.

"ఇలాంటి తీర్పుల్లో పేరు రాయరు కదా కరుణా. రాసుంటే ఎక్కడున్నా వెతుక్కుంటూ వెళ్లి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టుకునేదాన్ని."

కరుణ చూపు పెద్దావిడ కోసం వెతికింది. వరండాలో బల్ల ఖాళీగా ఉంది.

"ఆవిడ వెళ్లిపోయేరండి" అన్నాడు అటెండరు. "అయ్యగారు పన్ను లేదన్నారని చెబితే కళ్లు తుడుచుకున్నారు. కాట్రేనికోన బస్సుకి టైమైందని బయల్దేరిపోయేరు."

"ఇంతకీ ఆవిడ నీకేమవుతారు కరుణా?" అడిగింది ప్రసన్న.

"ఏమీ కారండి. దానమ్మగారని... నోటీసొచ్చిందని మా అమ్మ చర్చిలో ఏడుస్తుంటే, ఆవిడే పక్కన కూర్చుని సంగతి కనుక్కున్నారు. పని అయ్యేదాకా తన మాట ఎత్తొద్దని ఒట్టేయించుకున్నారండి. నీ కేసు నీదిగానే గెలవాలమ్మా అన్నారు."

"తన మాటేంటి?"

కరుణ చేతులు అప్రయత్నంగా జోడించుకున్నాయి.

"ఆ రొయ్యల ఫ్యాక్టరీ మనిషి ఆవిడేనండి."