దొంగ చుక్క

“ఇదీ దొంగ చుక్కే. ఈసారి నేను బుట్టలో పడను,” అంది తొందరమ్మ, రాత్రి తీసిన ఆకాశం ఫొటోలో మెరుస్తున్న నీలి చుక్కను చూస్తూ.

ఆమె పనిచేసే వేధశాల డైరెక్టరుకో అలవాటుంది. కళ్లప్పగించి కూర్చునే వాళ్లు ఏమరకుండా ఉండాలని, తన కంప్యూటర్‌ నుంచి ఆకాశం ఫొటోల్లోకి అప్పుడప్పుడూ ఓ ఉత్తుత్తి చుక్కను వదులుతాడు. పోయినసారి అలాంటిదాన్ని చూసి ఆమె ఊరంతా టాంటాం వేసింది. తొందరమ్మ అన్న పేరు అప్పుడు అంటుకున్నదే. అందరూ నవ్వుతుంటే బాత్రూంలోకి వెళ్లి ఏడ్చింది కూడా. మళ్లీ నవ్వులపాలైతే ఉద్యోగం పర్మనెంటవడం కల్ల.

“నిజమైతేనో?” అన్నాడు పక్క కుర్చీలో పనిచేసే మొగుడు. “పెద్ద టెలిస్కోప్ అటు తిప్పుదాం. ఏ కృష్ణబిలమో నక్షత్రాన్ని మింగుతోందేమో!”

“కృష్ణబిలం మింగినా, నక్షత్రం పేలినా నెలల తరబడి వెలుగుతుంది. ఇది నిన్నటికీ ఇవాళ్టికీ సగమైపోయింది. దీన్ని వదిలేటప్పుడు పెద్దాయన ఆ సంగతే మర్చిపోయినట్టున్నాడు.”

“చచ్చిపోయే నక్షత్రం కడుపులోనే కృష్ణబిలం పుడితే ఇలాగే గబుక్కున వెలిగి ఆరిపోవచ్చుగా?”

“అయితే వెళ్లి పురుడు పోసిరా.”

అంతలో డైరెక్టరు తలుపులోంచి తొంగి చూశాడు. “ఏమ్మా, ఆకాశంలో విశేషాలేమైనా ఉన్నాయా?”

“ఏమీ లేవు సార్!”

“పది రోజులైనా కొత్త పాస్‌వర్డ్ ఇంకా గుర్తు రావట్లేదమ్మా. నా కంప్యూటర్ నన్నే గుమ్మంలో నిలబెడుతోంది. బాగుచేసేవాడేమో సెలవులో ఉన్నాడు,” అని తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

“చూశావా నటన! ఆ వంకతో రోజూ వచ్చి, చేప పడిందా లేదా అని చూసి పోతున్నాడు,” అంది ఆమె.

మొగుడు మళ్లీ తన పనిలో పడ్డాడు. ఇంట్లో కూడా ఆమెతోనే ఉండాలి మరి.

వారం తిరిగేసరికి చుక్క మాయమైంది. ఉద్యోగం పర్మనెంట్ చెయ్యాలా వద్దా అని తేల్చే సమీక్ష రోజున తొందరమ్మ తలెత్తుకుని డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

“సార్, మీ దొంగ చుక్కని చూడగానే పట్టేశాను. దానికోసం టెలిస్కోప్‌ని ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యలేదు!”

“ఏ చుక్కమ్మా?”

ఆమె నవ్వుతూ ఫొటోలు వరసగా చూపించింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఒక్కొక్కటీ చూసి, మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

“పాస్‌వర్డ్ మర్చిపోయిన దగ్గర్నుంచీ నేనొక్క చుక్కా వదల్లేదమ్మా.”