సీసా దీపాలు

తొమ్మిదో సీసా కూడా అడ్డదిడ్డంగా పగిలింది.

భ్రమరాంబ గాజుపెంకులు చేటలోకి ఎత్తింది. నాలుగు రోజుల్లో ఆమె పెళ్ళి రిసెప్షన్. మగపెళ్ళివారిది భిలాయి. అక్కడ రిసెప్షనంటే ప్రతి బల్ల నడుమా పూలూ, దీపమూ ఉండాలట. అలాంటివి అద్దెకు తెచ్చే స్తోమత తల్లి తాయారమ్మకు లేదు. అందుకే భ్రమరాంబ పాతసామాన్ల కబాడీ దుకాణంలో ఖాళీ సీసాలు కొని, కోసి, తానే చేద్దామని కూర్చుంది.

"అలగ కాదమ్మా," అన్నాడు గుమ్మంలోంచి ముసలాయన. దుకాణం నుంచి సీసాల గోనె మోసుకొచ్చిన మనిషి. రాయపూర్లో తెలుగు మాట వినబడగానే ఆగిపోయినట్టున్నాడు.

"మరెలగ తాతా?"

"ఇలాగియ్యి."

కిరసనాయిల్లో తడిపిన దారం సీసా నడుముకు చుట్టి అంటించాడు. మంట చుట్టూ తిరిగొచ్చాక చన్నీళ్ళ బకెట్లో ముంచాడు. టిక్కుమంది. సీసా దోసకాయ కోసినట్టు రెండు ముక్కలయింది.

మూడు రోజులూ వచ్చాడు. అంచులు రాతి మీద నూరాడు. సీసాలో రంగునీళ్ళు, పైన నూనె, నూనె మీద తేలే బెండు, బెండు నడుమ వత్తి. ఒక్కో వత్తినీ కత్తెరతో సమంగా కత్తిరించి, వెలిగించి, ఫ్యాను కింద పెట్టి చూసేవాడు. ఆరితే మళ్ళీ మొదటికొచ్చేవాడు.

"ఈ పనెక్కడ నేర్సినావు తాతా?"

"ఒకప్పుడు దీపాల పనే సేసేవోణ్ణి."

"పేరేటి?"

"తాతా అంటే పలుకుతన్నాను గదమ్మా."

రెండో రోజు సాయంత్రం తాయారమ్మ డ్యూటీ నుంచి వచ్చి, దేవుడి దగ్గర దీపం పెట్టి, రోజూ అనే మాటే అంది.

"ఆ పరదేశిగాడి తలకాడ దీపమెట్టే దిక్కు నేకుండా పోవాల."

వరండాలో కత్తెర ఆగింది.

"మా నాన్న సంగతి తాతా," అంది భ్రమరాంబ సిగ్గుపడుతూ.

సంగతి పద్దెనిమిదేళ్ళ నాటిది. తండ్రి దానయ్య రైల్వే యార్డులో వ్యాగన్లు పట్టాలు మార్చే షంటింగ్ పని చేస్తూ వాటి మధ్య నలిగిపోయాడు. చేతిదీపం పట్టాల పక్కన ఆరిపోయి దొరికింది. అందులో నూనె చుక్క లేదు. చేతిదీపాలు సిద్ధం చేసి ఇచ్చే దీపాలగదిలో పనిచేసే పరదేశి అనేవాడు నూనె పోయకుండానే ఇచ్చాడని విచారణలో తేలింది. తానే ఒప్పుకున్నాడు కూడా. వాడి ఉద్యోగం ఊడింది. తాయారమ్మకు స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో ఆయా పని ఇచ్చారు. ఆ జీతంతోనే పిల్లను పెంచింది. పరదేశి ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. దేవుడికి దణ్ణం మరిచిన రోజులున్నాయి గాని, ఆ తిట్టు మరిచిన రోజు లేదు.

"అననీయమ్మా," అన్నాడు ముసలాయన. "కడుపులో మంట అలగన్నా సల్లారాల."

రిసెప్షన్ నాటికి ఇరవై బల్లల మీద ఇరవై దీపాలు వెలిగాయి. చుట్టూ బంతిపూలు. సీసాల్లోని ఎర్రనీళ్ళు, పచ్చనీళ్ళు తెల్లటి గుడ్డల మీద రంగులు పరిచాయి.

"ఎక్కణ్ణించి తెప్పించారు వదినగారూ?" అని వియ్యపురాలు అడిగింది.

"మా పిల్లే సేసిందండీ," అంది తాయారమ్మ. నలుగురిలో తలెత్తి మాట్లాడటం ఆమెకు అదే మొదలు. తండ్రి లేని పిల్ల అని ఇవాళ ఎవరూ జాలిపడరు. అంతకన్నా ఆమెకేం కావాలి?

ముసలాయన పొడుగుముక్కు నూనెడబ్బాతో బల్లకూ బల్లకూ తిరుగుతున్నాడు. ఒక్క దీపాన్నీ ఆరనివ్వలేదు.

అంతలో, విందుకొచ్చిన రిటైర్డ్ రైల్వే గార్డు సత్తిరాజు ఆయనకు ఎదురుపడ్డాడు.

"ఒరే పరదేశీ, నువ్వు బతికే ఉన్నావట్రా?"

తాయారమ్మ చేతిలో లడ్డూల పళ్ళెం ఉంది. దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టింది.

"నువ్వు పరదేశివా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"నా మొగుడి సేతికి నూనె లేని దీపమిచ్చి, నా కూతురి పెళ్ళిలో నూనె పోస్తన్నావా? నడు బయటికి."

"అమ్మా, బోజనమైనా సెయ్యనీ," అంది పెళ్ళికూతురు.

"ఈడు తిన్న ఇస్తరి నానెత్తనే."

"తప్పేనమ్మా. రాకుండా ఉండాల్సింది," అన్నాడు పరదేశి. నూనెడబ్బా గోడవార పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆరో బల్ల మీద దీపంలో నూనె తగ్గింది. ఓసారి సూసుకోండి."

పెళ్ళి దీపాలు కాబట్టి ఊరుకుంది గాని, లేకపోతే తాయారమ్మ ఇరవైనీ ఆర్పించేసేదే.

నెల తిరక్కుండా జోగయ్య వచ్చాడు. ఒకప్పుడు దీపాలగదిలో పరదేశికి జోడీగా పనిచేసినవాడు.

"పరదేశి పోనాడమ్మా. కబాడీ దుకాణం ఎనకాల రేకుల కింద. ఎప్పుడు పోనాడో ఎవులికీ తెలీదు. తలకాడ దీపమెట్టినోడు ఒక్కడూ నేడు."

పద్దెనిమిదేళ్ళ తిట్టు అక్షరాలా ఫలించింది. ఎందుకోగాని తాయారమ్మకు సంతోషం కలగలేదు. నోరు మాత్రం ఊరుకోలేదు.

"సేసింది ఊరికే పోద్దా?"

జోగయ్య లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"ఆడు బతికుండగా సెప్పనని ఒట్టేసినాను. ఇంక ఆ ఒట్టు నేదు. ఆ రేత్రి నూనె నిండా పోసి ఎలిగించిన దీపం మా గదిలో కొక్కేనికే ఉండిపోనాదమ్మా. తొందర్లో దానయ్యే ఒగ్గేసి ఎల్లిపోనాడు. తప్పు మీ ఆయనదని తేలితే నీకు నౌకరీ రాదని, పరదేశే ఆ దీపం ఆర్పి, నూనె పారబోసి, తీసుకెల్లి పట్టాల పక్కన ఎట్టొచ్చినాడు."